రత్నగిరి చుట్టూ పనిచేసే చేతులు: కొన్ని విశేషాలు

అన్నవరం వెళ్ళొచ్చినవాళ్ళు వ్రతం బాగా జరిగిందనీ, ప్రసాదం ఇన్ని పొట్లాలు తెచ్చామనీ, కొండ మీంచి పంపా రిజర్వాయరు చూడముచ్చటగా ఉందనీ చెబుతారు. 1891లో గోర్స జమీందారు చొరవతో మొదలైన గుడి ఇప్పుడు రాష్ట్రంలో పెద్ద దేవస్థానాల్లో ఒకటి. ఆ కొండ మీద రోజూ వండేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, గుండు గీసేవాళ్ళు, సన్నాయి ఊదేవాళ్ళు, పూజ చేయించేవాళ్ళు ఎందరో ఉన్నారు. కొండ దిగితే ఒకవైపు మెట్ట, ఒకవైపు మన్యం, కాస్త దూరంలో డెల్టా. ఈ నేలలో ఎవరి కష్టానికి ఎంత ముట్టింది, ఎవరిని ఉద్యోగి అన్నారు, ఎవరిని అనలేదు అన్నదే ఈ విశేషాల సారం.

కథలో రెట్టింపు ధర

సత్యనారాయణ వ్రతకథలో మనకి బాగా గుర్తుండేది వర్తకుడి కథ. రెండో అధ్యాయంలో కట్టెలమ్ముకునే ఒక పేదవాడున్నాడని చాలామంది మరిచిపోతారు. మోపు దించి, దాహం వేసి ఒక ఇంటికి వెళ్ళిన అతను అక్కడ జరుగుతున్న పూజ చూస్తాడు. రేపు కట్టెలమ్మిన డబ్బుతో నేనూ చేసుకుంటానని మొక్కుకుంటాడు. మర్నాడు కలిగినవాళ్ళుండే వైపు మోపు తీసుకెళితే రెట్టింపు ధర వస్తుంది. ఆ డబ్బుతోనే అరటిపళ్ళు, నెయ్యి, పాలు, పంచదార, గోధుమ కొంటాడు. అతనికి స్వామి నిధులేమీ చూపలేదు. ఇచ్చిన మొదటి వరం కష్టానికి మంచి ధర.

అయిదో అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది. వేట నుంచి వస్తున్న తుంగధ్వజ మహారాజు మర్రిచెట్టు కింద గొల్లలు చేసుకుంటున్న పూజ చూసి కూడా దగ్గరికి పోడు. వాళ్ళు తెచ్చి పెట్టిన ప్రసాదం ముట్టడు. కొడుకులూ సంపదా పోగొట్టుకున్నాక అదే చెట్టు కిందికి తిరిగొచ్చి, ఆ గొల్లలతో కూర్చుని పూజ చేసి, ప్రసాదం తింటాడు. ఇంటింటా ఇంత శ్రద్ధగా వినే కథ ఉన్న దేశంలోనే గుడి తలుపులు అందరికీ తెరవడానికి శాసనం కావలసి వచ్చింది. మన జిల్లాలకు అది 1947 నాటి మద్రాసు ఆలయ ప్రవేశ చట్టంతో వచ్చింది.

పొట్లం చుట్టిన ఆకు ఎక్కడిది?

అన్నవరం ప్రసాదం గోధుమనూక, బెల్లం, పంచదార, నెయ్యి, యాలకులతో చేస్తారు. ఆ రుచికి సగం పేరు ఆకు పొట్లానిది. ఆ ఆకు అడ్డాకు, మన్యంలో పెద్దపెద్ద చెట్ల మీదికి అల్లుకునే తీగది. అల్లూరి సీతారామరాజు దాడి చేసిన ఠాణాల్లో ఒకటున్న అడ్డతీగల కూడా ఈ తీగలు పాకే కొండల్లోనిదే. ఆకు కోసేది, ఎండబెట్టేది, పుల్లలతో కుట్టేది ఎక్కువగా గిరిజన స్త్రీలు. తెల్లారకుండా అడవిలోకి పోయి, నెత్తిన కట్టతో దిగివచ్చి, ఇంటి పని అయ్యాక కుట్టుకు కూర్చుంటారు. ముట్టేది కట్టకింత, వంద ఆకులకింత అని. పోయిన గంటలకు లెక్క లేదు.

అడవి సరుకును షావుకార్లు తూకంలోనూ అప్పులోనూ మోసం చేసి కొంటున్నారనే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. చింతపండు, కరక్కాయ, తేనెతో పాటు అడ్డాకు కూడా అది కొనే సరుకుల్లో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం గిరిజనులదేనని ఒప్పుకుంది. హక్కు కాగితం మీదికి వచ్చాక కూడా సంతలో ధర చెప్పేది కొనేవాడే. ఆకు కుట్టిన మనిషికి తన ఆకు ఏ గుడికి పోయిందో, అక్కడ ఎంతకు అమ్ముడుపోయిందో తెలిసే దారి లేదు.

అల్లూరి అన్నవరం వచ్చిన ఏప్రిల్

1922 ఆగస్టులో చింతపల్లి ఠాణా మీద దాడితో మొదలైన మన్యం తిరుగుబాటు వెనక పోడు మీద ఆంక్షలు, అడవి చట్టాలతో పాటు కూలి గొడవ ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయిస్తూ గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ గిరిజనులతో చాకిరీ చేయించి, రావలసిన కూలి ఇవ్వకుండా ఎగ్గొట్టేవాడు. ఎదురు తిరిగినవాళ్ళకి దెబ్బలు. అల్లూరి సీతారామరాజు ముందు పెట్టింది అర్జీలే. అవి పనిచేయకపోయాకే విల్లంబులు.

1923 ఏప్రిల్లో ఆయన కొద్దిమంది అనుచరులతో అన్నవరం వచ్చాడు. ప్రభుత్వం తలకు వెల కట్టి వెతుకుతున్న మనిషికి ఇక్కడి జనం ఆదరంగా స్వాగతం చెప్పారు. అల్లూరి విగ్రహాలు ఊరూరా ఉన్నాయి గాని, ఆ పోరాటం ఎగ్గొట్టిన రోడ్డు కూలి నుంచి కూడా పుట్టిందన్న సంగతి విగ్రహం కింది పలకల మీద రాయాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

టాంకులోకి దిగిన ఏడుగురు

దాదాపు నూరేళ్ళ తర్వాత, 2023 ఫిబ్రవరి 9న, అన్నవరానికి అంత దూరం కాని పెద్దాపురం మండలం జి.రాగంపేటలో ఒక నూనె ఫ్యాక్టరీలో టాంకు శుభ్రం చేయడానికి దిగిన కార్మికులు ఊపిరాడక చనిపోయారు. మొత్తం ఏడుగురు. అయిదుగురు పాడేరు వైపు నుంచి పని కోసం దిగివచ్చిన గిరిజనులు, ఇద్దరు పక్క ఊరు పులిమేరు వాళ్ళు.

ఇలాంటి చావులో ఒక క్రమం ఉంటుంది. మూసి ఉంచిన టాంకు అడుగున మడ్డి కుళ్ళి గాలిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, విషవాయువులు చేరతాయి. మొదట దిగినవాడు పడిపోతాడు. పైనున్నవాడు తోటివాణ్ణి లాగుదామని దిగుతాడు, అతనూ పడిపోతాడు. దిగే ముందు గాలిని కొలిచే పరికరం, గాలి పంపే ఫ్యాను, నడుముకు తాడు, పైన కాపలా మనిషి, రాతపూర్వక అనుమతి: అప్పటి ఫ్యాక్టరీల చట్టం అడిగింది ఇంతే. ఇవి ఖరీదైన ఏర్పాట్లు కావు. ఆ పనికి పంపినవాళ్ళ ప్రాణం ఖరీదు ఎవరో అంతకన్నా తక్కువ కట్టారు.

తలనీలాలు ఎవరివి, కత్తి ఎవరిది

కొండ మీద నన్ను ఎక్కువసేపు నిలబెట్టే చోటు కేశఖండన శాల. మొక్కు తీర్చుకునే కుటుంబం నవ్వుతూ, ఏడ్చే పిల్లవాణ్ణి ఊరుకోబెడుతూ వస్తుంది. కత్తి పట్టిన మనిషి వరసగా తల తరవాత తల, వంగిన నడుము ఎత్తకుండా పనిచేస్తూనే ఉంటాడు. ఇది నాయీ బ్రాహ్మణుల వంశపారంపర్య వృత్తి. దేవాలయాల్లో వీళ్ళలో చాలామందికి నెల జీతం లేదు, గుండుకింత అని టిక్కెట్టు లెక్క. పెళ్ళిళ్ళ సీజన్లో, కార్తీకంలో పని ఊపిరాడనివ్వదు. మూఢంలో, ఆషాఢంలో చెయ్యి ఖాళీ.

అదే తలనీలాలను దేవస్థానాలు వేలంలో అమ్ముతాయి. తిరుమలకు ఈ పద్దు కింద ఏటా వంద కోట్ల రూపాయల పైచిలుకు వస్తుంది. గుడిలో తీసిన జుట్టుకు అంత గిరాకీ ఎందుకంటే వెంట్రుకలన్నీ మొదలు ఒకవైపు, కొస ఒకవైపు ఉంటాయి, చిక్కు పడవు. దువ్వెనకు రాలిన జుట్టును ఊళ్ళ మీద తిరిగి గిన్నెలకో బుడగలకో మార్చుకుని పోగుచేస్తారు. దాని చిక్కు విడదీసేది మళ్ళీ పేద స్త్రీలు, కిలోకింత కూలికి. చివరికి రెండూ విదేశాలలో విగ్గులవుతాయి.

2018 జూన్‌లో రాష్ట్రంలోని గుళ్ళలో నాయీ బ్రాహ్మణులు కత్తులు కింద పెట్టారు. అప్పటికి గుండుకు వాళ్ళకి వచ్చేది 13 రూపాయలు. సమ్మె తర్వాత 25 అయింది. తరవాత నెలకు కనీసం 20,000 రూపాయలన్న ఏర్పాటు వచ్చింది, 2024 ఆగస్టులో దాన్ని 25,000 చేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. అడగకుండా ఇందులో ఒక్క రూపాయీ పెరగలేదు.

ఇంకో సంగతి. ఆంధ్రలో పెళ్ళి మేళం కూడా చాలా చోట్ల వీళ్ళదే. ముహూర్తం వేళ గట్టిమేళం వాయించే సన్నాయి, డోలు విద్వాంసుల కులమూ, మామూలు రోజున ఎదురుపడితే కొందరు అపశకునమనే కులమూ ఒకటే. ఇంత పెద్ద అన్యాయాన్ని తరతరాలు ఆచారం అని పిలిచారు.

పళ్ళెంలో వాటా రద్దయిన చట్టం

అర్చకుడి జీతం ఏమిటి? ఒకప్పుడు మాన్యం భూమి, హారతి పళ్ళెంలో డబ్బులు, ప్రసాదంలో వాటా. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం (30వ నంబరు) ఈ వాటాలనూ, మిరాశీలనూ, వంశపారంపర్య హక్కునూ రద్దు చేసి అర్చకుణ్ణి జీతం మనిషిని చేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1996లో కోర్టు చట్టాన్ని సమర్థించింది. పుట్టుకతో వచ్చే హక్కు పోవడం మంచిదే. ఐతే పల్లెటూరి గుడి పూజారికి మాన్యమూ పోయి జీతమూ రాని రోజులు చాలా నడిచాయి. ధూపదీప నైవేద్యాల పథకం కింద చిన్న గుళ్ళకిచ్చే నెలసరి సాయం 2024 దాకా 5,000 రూపాయలే, ఆ ఏడు 10,000 చేశారు. దీపం నూనె, బియ్యం, పూజారి బతుకు అన్నీ అందులోనే. అగ్రకులం అనగానే కలిమి అనుకునేవాళ్ళు ఈ అంకె ఒకసారి చూడాలి.

చీపురు మారదు, ఏజెన్సీ మారుతుంది

లక్షమంది వచ్చే కార్తీక పౌర్ణమి తెల్లారికి మెట్లూ వ్రత మండపాలూ మరుగుదొడ్లూ మళ్ళీ శుభ్రంగా ఉంటాయి. పెద్ద గుళ్ళలో ఈ పని కాంట్రాక్టు ఏజెన్సీల చేతిలో ఉంది. టెండరు కాలం తీరి ఏజెన్సీ మారుతుంది, ఊడ్చే మనిషి మాత్రం పదేళ్ళయినా ఆవిడే. ఏజెన్సీ మారినప్పుడల్లా ఆవిడ సర్వీసు మళ్ళీ మొదటి రోజు నుంచి.

పారిశుద్ధ్యంలో కులం ఎంత దట్టంగా ఉందో తెలియడానికి ఒక లెక్క: కేంద్రం నమస్తే పథకం కింద పట్టణాల్లో మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే దాదాపు 38,000 మంది వివరాలు సేకరిస్తే నూటికి 92 మంది ఎస్సీ, ఎస్టీ, బీసీలే. ఒక్క ఎస్సీలే 69 మంది. పాకీ పని నిషేధ చట్టం మొదట 1993లో, మళ్ళీ 2013లో వచ్చింది. ఈ రెండు చట్టాల నడుమ దేశమంతా తిరిగి పొడి మరుగుదొడ్లు కూలగొట్టించినవారిలో ముందున్న బెజవాడ విల్సన్ తెలుగు కుటుంబంలో, కోలారు బంగారు గనుల కాలనీలో, అదే పని చేసేవాళ్ళ ఇంట పుట్టినవాడు. 2016లో ఆయనకు మెగసేసే పురస్కారం వచ్చింది. బంగారం తవ్వే ఊళ్ళో కూడా ఆ కులానికి ఆ పనే ఇచ్చారన్నది గుర్తు పెట్టుకోవలసిన చరిత్ర.

ఊడ్పులకు పోయే మెట్ట

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాకు నీళ్ళొచ్చాయి, అన్నవరం, ప్రత్తిపాడు వైపు మెట్ట వానకే మిగిలింది. కాటన్ దొర పేరు మనకి తెలుసు, ఆయనకి మొక్కేవాళ్ళున్నారు. రాళ్ళు మోసిన వేలమంది కూలీల్లో ఒక్కరి పేరూ తెలియదు. నీరు పారిన చోట భూమి విలువ పెరిగింది, భూమి లేనివాళ్ళకి పని పెరిగింది. సార్వా, దాళ్వా ఊడ్పులకు ఆటోల్లో కిక్కిరిసి వెళ్ళే ఆడకూలీల ముఠాలు ఈ రోడ్ల మీద ఎప్పుడూ కనిపిస్తాయి. ఎకరాకింత అని మేస్త్రి బేరం కుదురుస్తాడు, మోకాలి లోతు బురదలో వంగిన నడుముతో సాయంత్రం దాకా. కోతలకు యంత్రాలొచ్చి ఆడవాళ్ళ కోత కూలి పోయింది. ఊడ్పులకేమో బెంగాల్ నుంచి కూలీలు దిగుతున్నారు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సొంతంగా సాగు చేసేవాళ్ళు సుమారు 65 లక్షలు, వ్యవసాయ కూలీలు దాదాపు కోటీ డెబ్భై లక్షలు. అన్నపూర్ణ అన్న మాటలో ఉన్న అన్నం ఎక్కువ భాగం కూలికి పోయేవాళ్ళ చేతి పంట. అదే ఏడాది కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని పంట విరామం ప్రకటించారు, దేశమంతా ఆ వార్త రాసింది. పంట ఆగితే కూలి ఆగిన ఇళ్ళ గురించి రాసినవాళ్ళు తక్కువ.

పాలేరు

మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న రాసిన ఒక నాటకానికి ఈ పేరే. పాలేరు పిల్లాడు చదువుకుని అధికారి కావడం ఇతివృత్తం. కోస్తా ఊళ్ళలో అది ఆడిన చోట జీతానికున్న పిల్లల్ని మాన్పించి బడికి పంపిన తల్లిదండ్రులున్నారని పెద్దలు చెప్పేవారు. అంతకు ముందే, 1921 నాటికి, రాజమండ్రిలో వైద్యుడు కుసుమ ధర్మన్న తెల్లదొరతనం సరే, నల్లదొరతనం మాటేమిటని పాట కట్టి అడిగాడు. ఏడాది జీతానికి మనిషిని తాకట్టు పెట్టుకునే వెట్టిని చట్టం నిషేధించింది 1976లో మాత్రమే.

రంగం పోయిన కూలీలు

కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి, ఈ తీరం నుంచి వేలమంది రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోయారు. అక్కడ తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవారు. బయానా ఇచ్చి తీసుకుపోయే మేస్త్రి కూలిలో తన వాటా కోసుకునేవాడు, అప్పు తీరేదాకా మనిషి అతని చేతిలోనే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరగానే బర్మావాళ్ళని పొమ్మన్నారు. ఇద్దరూ ఆకలితో ఉన్నవాళ్ళే. ఆ రోజు మొదలైన కొట్లాట పట్టణమంతా పాకి వందమందికి పైగా చచ్చిపోయారు. ఓడలు నింపుకున్న కంపెనీల మనుషులు ఆ చనిపోయినవాళ్ళలో లేరు. ఇవాళ గోదావరి జిల్లాల్లో ఇంకొకచోటి కూలీలు తక్కువకు వస్తున్నారని కోపం వచ్చినప్పుడల్లా రంగూన్ రేవు గుర్తు చేసుకోవాలి.

ఉప్పాడ చీర

పెళ్ళికి అన్నవరం వచ్చినవాళ్ళు ఉప్పాడ వెళ్ళి జాందానీ చీర కొనుక్కోవడం మామూలే. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒక్కో పువ్వూ చేత్తో అల్లుతారు, పనితనాన్ని బట్టి ఒక చీరకు వారాల నుంచి నెలలు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో మూడింట రెండొంతుల నేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపు. అంటే అవి అలాంటి చీర కొనే కుటుంబాలు కావు.

ఆడామగా ఒకే కూలి అందుకున్న మొదటి పని

ఊరి పనుల్లో ఆడకూలి ఎప్పుడూ మగకూలి కన్నా తక్కువే. 1976లో సమాన వేతన చట్టం వచ్చినా పొలం గట్టు మీదికి అది రాలేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు చాలా ఊళ్ళలో మొదటిసారి ఇద్దరికీ ఒకే రేటు మస్టరులో పడింది. లెక్కలను ఊరి మధ్య చదివి వినిపించే సామాజిక తనిఖీని దేశంలో ముందుగా గట్టిగా పట్టుకున్నదీ మన రాష్ట్రమే. చెరువు పూడిక దగ్గర దొరికే కూలి ఉందన్న ధైర్యంతోనే ఆసామి దగ్గర ‘ఇంతకు తక్కువకు రాము’ అనగలిగారు. 2025-26లో ఆంధ్రలో ఆ కూలి రోజుకు 307 రూపాయలు.

2025 డిసెంబరులో దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చారు. పని దినాలు వంద నుంచి 125 అన్నారు. దానితో పాటే విత్తే, కోసే రోజుల్లో ఏడాదికి అరవై రోజుల వరకు పనులు ఆపే వీలు పెట్టారు. ఊడ్పుల రోజుల్లో ప్రభుత్వ పని లేకపోతే బేరమాడే బలం ఎవరికి తగ్గుతుందో మెట్ట ఆడకూలీలను అడిగితే చెబుతారు. బేరమాడే బలం తగ్గినా ఒక హద్దుంది: కనీస కూలికన్నా తక్కువకు పని చేయించడం వెట్టి కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లో, ఆసియా క్రీడల స్టేడియం కూలీల కేసులో చెప్పింది.

నియామక పత్రం

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పని గంటలు, తొలగింపులు, సమ్మె నోటీసుల విషయంలో కార్మిక సంఘాలు వాటిని గట్టిగా వ్యతిరేకిస్తున్నాయి, వాటి అభ్యంతరాల్లో బలం ఉంది. కోడ్‌లలో ఉన్న కొన్ని సంగతులు మాత్రం ప్రతి కార్మికుడూ పట్టుకుని అడగాలి: పనిలోకి తీసుకున్న మనిషికి నియామక పత్రం ఇవ్వాలి. నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా ముట్టాలి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు సంస్థ ఇచ్చుకోవాలి. ఈ చివరి నియమం కొత్తది కూడా కాదు, 1970 కాంట్రాక్టు కార్మిక చట్టంలోనే ఉండేది. కాబట్టి మెట్లు ఊడ్చే ఆవిడకు రెండు నెలలు జీతం రాకపోతే ఏజెన్సీ ఆఫీసు చుట్టూ తిరగనక్కర లేదు. తను ఎవరి మెట్లు ఊడ్చిందో వాళ్ళ ఆఫీసులోనే అర్జీ పెట్టవచ్చు, ఒక నకలు కార్మిక శాఖ సహాయ కమిషనరుకు ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. అర్జీ రాసిపెట్టడానికి చదువొచ్చిన భక్తులకు ఆ కొండ మీద ఏ రోజూ కరువు లేదు.